మందు కొట్టని మందు: ఆర్గానిక్ వైన్ సీసా వెనక సంగతులు

మా చిన్నాయనకు మడకశిర వైపు రెండెకరాల ద్రాక్ష పందిరి ఉంది. ఆ మధ్య బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడు ఒక సీసా తెచ్చి వసారాలో బల్ల మీద పెట్టాడు. "ఆర్గానిక్ వైన్ మామా. కొండ మీద ఒక ఇంటివాళ్లే తోట పెట్టి, వాళ్లే చేసి అమ్ముతారంట" అన్నాడు. చిన్నాయన సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఆర్గానిక్ అంటే మందు కొట్టంది. వైన్ అంటేనే మందు. మందు కొట్టని మందు ఏందప్పా ఇది?" అన్నాడు.

అందరం నవ్వినాం గానీ, ఆయన అడిగినదాంట్లో నిజంగానే చిక్కుముడి ఉంది. ఆర్గానిక్ అన్న ముద్ర తోటకా, సీసాలో ఉన్నదానికా? తోటలో ఏమీ చల్లలేదని దాని అర్థమా? మన అనంతపురం, కడప, కర్నూలు కొండల్లో అట్లాంటి తోట ఒక కుటుంబం నడుపుకోగలదా? తోటకు ఒక లెక్క, రసం పులిసే గదికి ఇంకో లెక్క, సీసా గేటు దాటడానికి మూడో లెక్క. ఈ మూడూ ఒకే చీటీ మీదికి ఎక్కడం వల్లే ఇంత గందరగోళం. వరసగా చూద్దాం.

వైన్స్‌లో దొరకనిది

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న ప్రతి కొట్టులోనూ బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది. వైన్ కావాలంటే కొట్టువాడు పై అర మీద దుమ్ము దులిపి ఒకటో రెండో సీసాలు తీస్తాడు. పేరు దానిది, వ్యాపారం మిగతావాటిది. అందుకే వైన్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాల్సి వస్తుంది.

వైన్ అంటే పులిసిన ద్రాక్ష రసం, అంతే. కాయలో ఉన్న చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఈతకల్లులో జరిగేదీ ఇదే. కాకపోతే కల్లు ముంతలో ఉండగానే పులవడం మొదలై సాయంత్రానికి పుల్లబడుతుంది. వైన్‌ను గాలి తగలకుండా కాపాడి నెలలు, ఏళ్లు నిలవ చేస్తారు. వైన్‌ను కాచి, ఆవిరి పట్టి, చల్లారిస్తే వచ్చేది అసలు బ్రాందీ. మన కొట్లలో బ్రాందీ పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్. ద్రాక్షతో దాని చుట్టరికం దూరపుది.

పులియడంలో లెక్క తేలికే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర కరిగిపోతే 1 శాతం ఆల్కహాల్ తయారవుతుంది. ద్రాక్ష రైతుల జేబులో ఉండే బ్రిక్స్ మీటరు ఈ చక్కెరనే చూపిస్తుంది. కాయ పిండి ఒక చుక్క గాజు మీద వేసి, ఎండకు ఎత్తి కన్ను పెడితే నీలం, తెలుపు కలిసేచోట గీత 24 దగ్గర కనబడిందనుకోండి, ఆ రసం పూర్తిగా పులిస్తే 13 శాతం చుట్టుపక్కల వైన్ అవుతుంది. పందిట్లో నిలబడి మెడ వెనక్కి వంచి ఒంటికన్నుతో చూసే ఆ క్షణంలోనే, వచ్చే ఏడు సీసా మీద పడబోయే అంకె తేలిపోతుంది.

మనం తినే ద్రాక్ష, వైన్ ద్రాక్ష ఒకటి కావు. థామ్సన్, దిల్‌ఖుష్, హైదరాబాద్ పేరు చెప్పగానే గుర్తొచ్చే అనాబ్-ఎ-షాహీ, ఇవన్నీ కండ ఎక్కువ, తోలు పలచన. వైన్‌కు వేసే షిరాజ్, కాబెర్నే సావిన్యో, షెనిన్ బ్లాంక్ కాయలు చిన్నవి, గింజలున్నవి, తోలు మందం. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఆ తోలులోంచే దిగుతాయి. హిందూపురానికి అవతల చిక్కబళ్లాపురం వైపు పండే బెంగళూరు బ్లూ మధ్యరకం. తినడానికీ, రసానికీ, చౌక తీపి వైన్‌కూ అదే.

ప్రకృతి, సేంద్రియం, నేచురల్

అసలు ఇబ్బంది ఈ మాటల దగ్గర మొదలవుతుంది. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం అంటే రైతు సాధికార సంస్థ నడిపే కార్యక్రమం గుర్తుకొస్తుంది. 2016లో మొదలైన ఈ పనికి 2024లో పోర్చుగల్ సంస్థ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. జీవామృతం దీని గుండెకాయ. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో ఉంచి ఎకరానికి పారిస్తారు. ఇది సాగు పద్ధతి. పద్ధతి పాటించినంత మాత్రాన సీసా మీద 'సేంద్రియ' ముద్ర రాదు.

సేంద్రియం, అంటే ఆర్గానిక్, అనేది ధ్రువీకరణ మాట. దేశంలో దానికి రెండు దారులు. ఒకటి ఎన్‌పీఓపీ, అంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. 2001 నుంచి అమల్లో ఉన్న ఈ వ్యవస్థను వాణిజ్య శాఖ కింద వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చూస్తుంది. గుర్తింపు పొందిన ఏజెన్సీ మనిషి తోటకు వచ్చి పుస్తకాలు, నీళ్లు, గట్లు, ఎరువుల గది అన్నీ చూస్తాడు. ఎగుమతికి ఇదే దారి. రెండోది పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే పద్ధతి. కనీసం 5 మంది రైతులు జట్టు కట్టి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకుంటారు. దేశంలోపల అమ్ముకునేవాళ్లకు ఖర్చు తక్కువ. ఏ దారిలో వచ్చినా కొట్లో అమ్మే ఆహారం మీద 'సేంద్రియ' అని రాయాలంటే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2017 నిబంధనలు వర్తిస్తాయి. 'జైవిక్ భారత్' గుర్తు అక్కడి నుంచి వచ్చిందే.

మూడోది 'నేచురల్ వైన్'. దీనికి మన దేశంలో చట్టబద్ధమైన నిర్వచనం లేదు. బయట నుంచి ఈస్ట్ వేయకుండా, ఏమీ కలపకుండా, వడకట్టకుండా చేసినదన్న అర్థంలో చేసేవాళ్లు వాడుకుంటారు. నిజాయితీగా వాడేవాళ్లు ఉన్నారు, ఊరికే అతికించేవాళ్లూ ఉంటారు. మాట చూసి తేడా చెప్పలేం.

ధ్రువీకరణలో అందరికీ కష్టంగా తోచేది మార్పిడి కాలం. ఏటా వేసే పంటలకు రెండేళ్లు, ద్రాక్షలాంటి బహువార్షిక తోటలకు మూడేళ్లు. అంటే చిన్నాయన ఈరోజు రసాయనాలు ఆపేస్తే, మూడేళ్లు మామూలు ధరకే అమ్ముకుంటూ సేంద్రియ నష్టాలు మోయాలి. కొత్త నేలలో కొత్త తోట పెట్టేవాళ్ల సంగతి వేరు. అంటు నాటిన తీగ పైకెక్కి లెక్కకొచ్చే కాపు ఇచ్చేసరికి ఎలాగూ రెండు మూడేళ్లు పడుతుంది. ఆ ఎదురుచూపూ ఈ మార్పిడీ ఒకేసారి గడిచిపోతాయి. సేంద్రియ వైన్ తోటలు పాత పందిళ్లలో కంటే కొత్త కొండవాలుల మీద ఎక్కువగా మొదలవడానికి ఇదొక కారణమని నా లెక్క.

ఇంకొక చిక్కు పక్కింటివాడు. గట్టు అవతల చీనీ తోటలో మందు కొడితే గాలికి ఇవతల పడుతుంది. అందుకని మధ్యలో ఎడం వదలాలి, లేదా అడ్డంగా చెట్లు పెంచాలి. రెండెకరాల తోటలో నాలుగు పక్కలా ఎడం వదిలితే మిగిలేది ఎంత? కొండవాలున, చుట్టూ బీడూ అడవీ ఉన్నచోట ఈ బాధ తగ్గుతుంది.

కొండ ఇచ్చేది, అక్టోబర్ లాక్కునేది

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 100 మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. కడప పట్టణం సముద్ర మట్టానికి 138 మీటర్ల ఎత్తున ఉంది. హిందూపురం 620 మీటర్ల దగ్గర. తేడా 480 మీటర్లకు పైనే కాబట్టి, మిగతావన్నీ సమానమైతే హిందూపురంలో సుమారు 3 డిగ్రీలు చల్లదనం. నంది కొండల కింద దొడ్డబళ్లాపురం దగ్గరి ద్రాక్ష తోటలు సుమారు 900 మీటర్ల మీద ఉన్నాయి. వైన్‌కు ఈ మూడు నాలుగు డిగ్రీలు, అందులోనూ రాత్రిపూటవి, చాలా విలువైనవి. రాత్రి వేడిగా ఉంటే కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని తానే ఖర్చు పెట్టేసుకుంటుంది. చక్కెర ఎక్కుతుంది, పులుపు దిగిపోతుంది. తాగితే చప్పగా, బరువుగా ఉంటుంది.

వాన సంగతికి వస్తే మనకు ఎన్నడూ లేని వరం ఒకటి దొరుకుతుంది. అనంతపురం సాధారణ వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుమోసిన బోర్డో ప్రాంతంలో 900 దాటుతుంది. ద్రాక్షను దెబ్బతీసే పెద్ద తెగుళ్లలో చాలావరకు తడి వల్ల వచ్చేవే. కరువు జిల్లా అని మనం తిట్టుకునే గాలి, సేంద్రియ ద్రాక్షకు ఉచితంగా దొరికే మందు. ఎర్ర గరుసు నేల కూడా తీగకు పనికొస్తుంది. బలమైన నల్లరేగడిలో ఆకు విపరీతంగా పెరిగి గుత్తికి గాలాడదు.

అయితే ఆ 550లో పెద్ద వాటా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే పడుతుంది. మన ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక కాపు. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబర్ కత్తిరింపు కాయ కోసం. అక్టోబర్‌లో కత్తిరిస్తే పదిహేను రోజుల్లో లేత చిగురు వస్తుంది. సరిగ్గా అప్పుడే ముసురు పడుతుంది. ఆకు కింద తెల్లగా బూజు తెగులు కనబడుతుంది, చిగుళ్ల మీద పక్షికన్ను మచ్చలు. ఒక వారం తల తిప్పితే పూత గుత్తులు నల్లబడి రాలిపోతాయి. మామూలు రైతు లోపలికి ఇంకే రసాయనం కొట్టి ఒడ్డున పడతాడు. సేంద్రియ రైతుకు ఆ దారి లేదు.

కత్తిరింపును నవంబర్‌కు జరిపితే సరిపోదా? వాన తప్పుతుంది గానీ, కోత మార్చి చివరికి, ఏప్రిల్‌కు పోతుంది. అప్పటికి పగటి ఎండ 38, 40. కొండ ఇచ్చిన చల్లదనం అక్కడ ఖర్చైపోతుంది.

కత్తిరించాక కన్నులన్నీ ఒకేసారి పగలడానికి మామూలు తోటల్లో హైడ్రోజన్ సయనమైడ్ అద్దుతారు. రైతులకు డార్మెక్స్ అంటే తెలుస్తుంది. మన దగ్గర తీగకు నిద్ర పట్టేంత చలి ఉండదు, అందుకే ఈ తట్టిలేపడం. సేంద్రియంలో ఇది నిషేధం. దాంతో ఒకే తీగ మీద కొన్ని గుత్తులు ముందు, కొన్ని వెనక పండుతాయి. ఒకేసారి కోసెయ్యడం కుదరదు, రెండు మూడు విడతలు తిరగాలి. కూలి ఖర్చు ఎక్కడ పెరుగుతుందో లెక్కలేసేవాళ్లు చాలామంది దీన్ని మరిచిపోతారు.

మైలతుత్తం తగాదా

చిన్నాయన ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆర్గానిక్ అంటే ఏమీ కొట్టలేదని అర్థమా? కాదు. గంధకం కొట్టొచ్చు, వేపనూనె కొట్టొచ్చు, పరిమితికి లోబడి బోర్డో మిశ్రమం కొట్టొచ్చు.

ఈ బోర్డో మిశ్రమం వైన్ దేశం మనకిచ్చిన కానుక. 1880లలో బోర్డో ప్రాంతంలో దారి పక్కన తోటల్లో కాయలు ఎవరూ తెంపకుండా మైలతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి నీలంగా చల్లేవాళ్లు. ఆ తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు. ఈ రోజు మన చీనీ చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టుది కూడా ఆ వంశమే.

కలిపే తీరు మా చిన్నాయన చేత్తో చూడాలి. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో కిలో మైలతుత్తం, ఇంకో డ్రమ్ములో కిలో సున్నం. రెండూ విడివిడిగా కరిగాక కలిపి 100 లీటర్లు చేస్తాడు. ఇనప బకెట్ దగ్గరికి రానివ్వడు. కలిపాక కొడవలి కొన అందులో ముంచి కాసేపు పట్టుకుంటాడు. తీసి చూస్తే ఇనుము మీద ఎర్రగా రాగి పూత పట్టిందా, పులుపు మిగిలిందన్నమాట. ఇంకో దోసెడు సున్నపు నీళ్లు పోసి మళ్లీ ముంచుతాడు. కొడవలి తెల్లగా వచ్చేదాకా పంపు తీయడు. ఆకు మాడకుండా కాపాడేది ఆ కొడవలి పరీక్షే.

ఇప్పుడు తగాదా. రాగి లోహం. కుళ్లదు, ఆవిరి కాదు, మట్టిలో పేరుకుపోతుంది. ఎక్కువైతే వానపాములకు, నేలలో జీవాలకు చేటు. ఐరోపాలో రాగికి పరిమితి పెట్టారు. 7 ఏళ్లలో హెక్టారుకు 28 కిలోలు, అంటే సగటున ఏడాదికి 4 కిలోలు. దీన్ని మన తోటకు అన్వయిస్తే ఏమవుతుంది? మైలతుత్తంలో నాలుగో వంతు రాగి. 1 శాతం మిశ్రమం ఎకరాకు 400 లీటర్లు కొట్టారనుకోండి. 4 కిలోల మైలతుత్తం, అంటే కిలో రాగి. హెక్టారుకు రెండున్నర కిలోలు. రెండుసార్లు కొడితే 5 కిలోలు, ఆ ఏటి సగటు దాటిపోయినట్లే. అర శాతానికి తగ్గిస్తే మూడుసార్లు కొట్టే వీలుంటుంది. ముసురు వారం రోజులు పట్టిన ఏడు మూడుసార్లు చాలుతుందని ఏ రైతూ మాటివ్వలేడు.

సేంద్రియాన్ని విమర్శించేవాళ్లు ఇక్కడే పట్టుకుంటారు. కొత్త రసాయనాల్లో కొన్ని కొద్ది వారాల్లో విరిగిపోతాయి, మీ రాగి తరతరాలు ఉంటుంది, ఏది నయం అని. సమర్థించేవాళ్ల జవాబు కూడా తేలికైనది కాదు. రాగి తోలు మీదే ఉంటుంది, కాయ లోపలికి పోదు. రసం పులిసేటప్పుడు చాలావరకు మడ్డితో కిందికి దిగుతుంది. పైగా పరిమితి ఉంది, పుస్తకంలో రాసి చూపించాలి. ఇద్దరి మాటలోనూ నిజముంది. నాకు తోచేది, తడి దేశాల్లో ఈ తగాదా పెద్దది, మన గాలిలో చిన్నది. ఎండ ఎక్కువున్న ఏడు రెండు మూడు పలచటి పిచికారీలతో గట్టెక్కే అవకాశం ఫ్రాన్స్ రైతుకంటే మడకశిర రైతుకే ఎక్కువ.

గంధకంతో ఇంకో మెలిక. బూడిద తెగులుకు అది మంచిదే గానీ, బాగా ఎండగా ఉన్నప్పుడు కొడితే ఆకు మాడుతుంది, కోతకు దగ్గర్లో కొడితే వైన్‌లో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది.

సెల్లార్‌లో రెండో పరీక్ష

సెల్లార్ అంటే మనకు అపార్ట్‌మెంటు కింద బండ్లు పెట్టే చోటు. వైన్ వాళ్లకు అది ప్రాణం. తోట పూర్తిగా సేంద్రియమైనా, ఈ గదిలో చేసే పనులను బట్టి ముద్ర మారిపోతుంది. కొనేవాళ్లకు అసలు తెలియని భాగం ఇదే.

ఐరోపాలో 2012 దాకా 'సేంద్రియ వైన్' అన్న మాటే చీటీ మీద రాయనివ్వలేదు. 'సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్' అనే రాసేవాళ్లు. ఆ ఏడు సెల్లార్ పనులకు కూడా నియమాలు వచ్చాకే పూర్తి మాటకు అనుమతి దొరికింది. గొడవంతా ఎక్కువగా సల్ఫైట్ చుట్టూ తిరుగుతుంది.

సల్ఫైట్ కొత్తదేమీ కాదు. మామిడి, నిమ్మ స్క్వాష్ ఇంట్లో చేసి నిలవ పెట్టేవాళ్లు చిటికెడు వేసే కేఎంఎస్, అంటే పొటాషియం మెటా బై సల్ఫైట్, అదే. వైన్‌లో చెడ్డ సూక్ష్మజీవులను ఆపుతుంది, గాలి సోకి రంగు మారకుండా చూస్తుంది. 100 లీటర్ల వైన్‌లో లీటరుకు 50 మిల్లీగ్రాములు ఉండాలంటే 5 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ కావాలి. కేఎంఎస్‌లో అది 57 శాతం కాబట్టి 9 గ్రాములకు కాస్త తక్కువ వేస్తే సరి.

ఐరోపాలో మామూలు ఎర్ర వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, తెల్ల వైన్‌లో 200. సేంద్రియానికి తీపి లేని రకాల్లో ఎర్రదానికి 100, తెల్లదానికి 150. అమెరికాలో 'సేంద్రియ వైన్' అనాలంటే సల్ఫైట్ బయట నుంచి వేయనే కూడదు. 'సేంద్రియ ద్రాక్షతో చేసినది' అంటే 100 దాకా వేయొచ్చు. కాబట్టి ఒకే తోటలో కోసి, ఒకే తొట్టిలో పులిసిన వైన్ ఒక దేశంలో సేంద్రియ వైన్, ఇంకో దేశంలో సేంద్రియ ద్రాక్ష వైన్. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు, కొలబద్దలు వేరు.

'సల్ఫైట్ అసలే లేనిది' అని ఎవరైనా అంటే కాస్త ఆగి వినాలి. పులిసేటప్పుడు ఈస్ట్ తానే కొంత సల్ఫైట్ తయారు చేస్తుంది. మన నిబంధనల ప్రకారం లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే సీసా మీద చెప్పాలి. తలనొప్పికి సల్ఫైటే కారణమన్న నమ్మకం చాలామందిలో ఉంది. బంగారు రంగు కిస్మిస్‌లో, ఎండు ఆప్రికాట్‌లలో వైన్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సల్ఫైట్ ఉంటుంది. అవి తిని తల పట్టుకునేవాళ్లు అరుదు. ఉబ్బసం ఉన్న కొందరికి మాత్రం సల్ఫైట్ నిజంగానే పడదు.

మన ప్రాంతంలో సెల్లార్‌కు అసలు శత్రువు ఎండ. తెల్ల వైన్ 12 నుంచి 18 డిగ్రీల మధ్య నెమ్మదిగా పులవాలి, ఎర్రది 25, 30 డిగ్రీల మధ్య. కోతలు జరిగే ఫిబ్రవరి, మార్చిలో బయట 36. పులిసే రసం తానే వేడి పుట్టిస్తుంది కూడా. అందుకని తెల్లవారుజామున, టార్చి వెలుగులో కోసి, ఎండ ఎక్కకముందే గదికి చేర్చాలి. తొట్లకు చల్లదనం పట్టే యంత్రం రాత్రింబవళ్లు తిరగాలి. సల్ఫైట్ తగ్గించుకోవాలనుకునేవాడు చల్లదనం పెంచుకోవాలి. రెండూ తగ్గిస్తే మిగిలేది వెనిగర్. ఇంతా చేసి, కరెంటు పోతే?

సేంద్రియమంటే శాకాహారమని కూడా అనుకోకూడదు. వైన్‌ను తేటపరచడానికి కొందరు బెంటొనైట్ మట్టి వాడతారు, కొందరు గుడ్డు తెల్లసొన, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు.

మూడెకరాల ఇంటి లెక్క

ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. పెనుకొండ వైపు కొండవాలున మూడెకరాలు షిరాజ్ వేశారు. ఎకరాకు 3 టన్నులు వచ్చాయనుకుందాం. తినే ద్రాక్ష పండించేవాళ్లు ఈ అంకె విని నవ్వుతారు. వైన్‌కు గుత్తులు కావాలనే తగ్గిస్తారు, రుచి చిక్కబడాలని. 9 టన్నుల కాయలో 65 శాతం రసమైతే 5,850 లీటర్లు. మడ్డి, వడపోత, ఆవిరి పోగా 5,500 లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 7,300.

ఇది తక్కువా, ఎక్కువా? ఒక ఇంటివాళ్లు చేతులతో చేసుకోవడానికి సరిపడా పని. ఫ్యాక్టరీ లెక్కలో లెక్కలోకే రాదు. సీసా, బిరడా, చీటీ, తొట్లు, చల్లబరిచే యంత్రం, ధ్రువీకరణ ఖర్చు, లైసెన్సు, ఇవన్నీ 7,300 సీసాల మీదే పడతాయి. పదింతలు చేసేవాడికి ఈ ఖర్చుల్లో చాలావాటికి పదింతలు పడదు.

అంతకంటే గట్టి దెబ్బ కాలం. చిన్నాయన తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి కాయ తెగగానే డబ్బు చేతిలో పెడతాడు, కనీసం పెట్టాలి. వైన్ చేసే ఇంట్లో ఫిబ్రవరిలో కోసిన ఎర్ర ద్రాక్ష ఏడాది నిలవ ఉండి, తర్వాత సీసాకెక్కి, తర్వాత అమ్ముడవుతుంది. ఈలోగా రెండో కోత వచ్చి తొట్లు అడుగుతుంది. ఎప్పుడు చూసినా కనీసం రెండు పంటల డబ్బు గదిలో చీకట్లో కూర్చుని ఉంటుంది.

ఎక్సైజు గేటు

మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. తాగే మద్యం జీఎస్టీలోకి రాదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం మన 1968 ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. కాబట్టి 'మా పెరటి ద్రాక్షతో మేమే చేసుకున్నాం' అన్న ముచ్చట్లు వినడానికి బాగుంటాయి గానీ చట్టం ముందు నిలబడవు. ద్రాక్ష తోటలో ఉన్నంతసేపూ వ్యవసాయం. పులవడం మొదలైన గంట నుంచి ప్రతి లీటరూ ఎక్సైజు పుస్తకంలోకి ఎక్కుతుంది. హిందూపురంలో చేసిన సీసాను రెండు గంటల దూరంలో ఉన్న బెంగళూరులో అమ్మాలంటే మళ్లీ అక్కడి చీటీ నమోదు, అక్కడి పర్మిట్, అక్కడి సుంకం.

పక్క రాష్ట్రాలు వైన్‌ను మిగతా మద్యం నుంచి విడదీసి చూశాయి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష శుద్ధి విధానం తెచ్చి అక్కడి ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజు మినహాయింపు ఇచ్చింది. నాసిక్ ఆ గాలికే పెరిగింది. కర్ణాటక 2007లో వైన్ విధానం తెచ్చింది. నంది కొండల కింద గ్రోవర్ వాళ్లది అంతకు చాలా ముందే, 1988లో మొదలైంది. మనవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌కు చెందిన కృష్ణప్రసాద్, ఉమా చిగురుపాటి దంపతులు క్రస్మా పేరుతో కుటుంబ వైన్ ఎస్టేట్ పెట్టారు. అది హంపి కొండల్లో, కర్ణాటకలో ఉంది. మన సరిహద్దుకు ఎంతో దూరం కాదు. మన రాష్ట్రంలో 2019లో కొట్లు ప్రభుత్వం చేతికి పోయాయి, 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. ఎప్పుడూ చర్చ కొట్టు ఎవరిది, క్వార్టర్ ఎంత అన్నదాని మీదే నడిచింది. తోట దాకా రాలేదు.

ద్రాక్ష ధర పడిపోయిన ఏడు రైతుకు ఇంకో బేరం ఉండాలన్నది ఒక వాదన. దానికి ఎదురు వాదన మన నేలలోనే పుట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995లో పూర్తి మద్య నిషేధం, 1997లో సడలింపు. 'ఇది వ్యవసాయ ఉత్పత్తి' అన్న మాట సారా బట్టీ పెట్టినవాడూ అనగలడని ఆ తరం వాళ్లు గుర్తు చేస్తారు. 2022 జనవరిలో మహారాష్ట్ర సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మడానికి నిర్ణయం తీసుకుంటే అన్నా హజారే లాంటివాళ్లు అడ్డుపడ్డారు, అది అమలు దాకా పోలేదు.

ఆరోగ్యం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'ఆర్గానిక్ కదా, ఏమీ కాదు' అనేది పెళ్లిళ్లలో ఈమధ్య వినబడుతున్న మాట. లెక్క చూడండి. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాములు. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు పైన. రాగి పరిమితి, సల్ఫైట్ పరిమితి, ఈ అంకెల్లో దేన్నీ మార్చవు. కాలేయానికి సేంద్రియ ఆల్కహాల్ అని విడిగా తెలియదు. ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. సేంద్రియ ముద్ర నేల గురించి, కూలీ ఊపిరి గురించి చెబుతుంది. తాగేవాడి గురించి కాదు.

ఆ సాయంత్రం చిన్నాయన అద్దాలు పెట్టుకుని సీసా వెనక చిన్న అక్షరాలు చదివించుకున్నాడు. 'సేంద్రియ పద్ధతిలో పండించిన ద్రాక్షతో తయారైనది' అని ఉంది. అంటే తోట పాసైంది, గది సంగతి చెప్పలేదు. కింద సల్ఫైట్ ఉందన్న హెచ్చరిక, ఆల్కహాల్ శాతం, మద్యపానం హానికరమన్న వాక్యం. అంతా విని సీసా బల్ల మీద పెట్టి, "అన్నీ రాసినారు సరే. మైలతుత్తం ఎన్నిసార్లు కొట్టినారో అది రాయలేదేమప్పా?" అన్నాడు.

అల్లుడు ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు.